చారులో ఉప్పు తక్కువైంది

పోయిన వారం వీడియోలో అన్నదానం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పలేకపోయిన విషయం ఒకటి ఉంది. కెమెరా ముందు నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్‌లో ఒక చిన్న గుడి వెనక ఉన్న రేకుల షెడ్డుకి వెళ్తున్నాను. అక్కడ మేం ఎనిమిది, తొమ్మిది మందిమి కలిసి వండుతాం. వండుతాం అంటున్నానే గానీ, వండేది ఒక్క పెద్దమ్మే. మేం కూరగాయలు తరుగుతాం, గుండిగలు మోస్తాం, వడ్డిస్తాం, తర్వాత కడుగుతాం. పాతిక కిలోల బియ్యం బస్తా విప్పితే సుమారు 180 మందికి సరిపోతుంది. అన్నం, సాంబారో చారో, ఒక కూర, మజ్జిగ. ఏడింటికి గుళ్లో నైవేద్యం అయ్యాక ఏడున్నరకి వడ్డన మొదలవుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్టేషన్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద, మూసేసిన షాపుల మెట్ల మీద పడుకునేవాళ్లు.

మొదట్లో నాకు చాలా గొప్పగా ఉండేది. దాచడం ఎందుకు? సోమవారం ఆఫీసులో "వీకెండ్ ఏం చేశావ్?" అని ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసేవాణ్ణి. అడిగితే "ఏముంది, మామూలే, అన్నదానం" అని చాలా మామూలుగా చెప్పడం కూడా ప్రాక్టీస్ చేశాను.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, చారు బకెట్ పట్టుకుని వరసలో నడుస్తుంటే ఒక ముసలాయన చెయ్యి ఎత్తి ఆపాడు. "సార్, చారుల ఉప్పు జర తక్కువైంది" అన్నాడు.

అంతే. అందులో కోపం లేదు, వెటకారం లేదు. ఇంట్లో మనం అమ్మతో అనమూ, అలాగే అన్నాడు. కానీ నాకు మాత్రం తల నుంచి కాళ్ల దాకా మంట పుట్టింది. మధ్యాహ్నం మూడింటి నుంచి నిలబడి ఉన్నాను, చేతులు కాలాయి, నడుం నొప్పి. ఊరికే పెడుతుంటే మళ్లీ ఉప్పు తక్కువట! పైకి ఏమీ అనలేదు గానీ, వినపడనట్టు నడిచి వెళ్లిపోయాను. ఆయన విస్తరి ముందు రెండోసారి ఆగలేదు కూడా.

లోపలికి వెళ్లి పెద్దమ్మకి చెప్పాను, ఆవిడ కూడా నాతో పాటు కోప్పడుతుందని. ఆవిడది గోదావరి వైపు. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకీ, గుళ్లకీ వండుతున్న చెయ్యి. గంటె పక్కన పెట్టి, "అవునా, నాన్నా? మంచి పని చేశాడు. నైవేద్యం వంట కదా, నేను రుచి చూడను. ఎవరో ఒకరు చెప్పాలి కదా మరి. స్వామి చెప్పడు" అంది. గుప్పెడు ఉప్పు కరిగించి చారులో కలిపి, "వెళ్లి ఆయనకి ముందు పొయ్యి" అని బకెట్ నా చేతికి ఇచ్చింది.

పోశాను. ఆయన ఒక్క గుక్క తాగి తల ఊపాడు. థాంక్స్ చెప్పలేదు.

ఆ రాత్రి బండి మీద ఇంటికొస్తూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, నాకెందుకు అంత కోపం వచ్చింది అని. హోటల్లో కస్టమర్ అదే మాట అంటే సర్వర్ "సారీ సార్" అంటాడు. ఇంట్లో నాన్న అంటే అమ్మ ఉప్పు డబ్బా అందిస్తుంది. ఇక్కడ మాత్రం ఆ మాట నాకు తప్పులా ఎందుకు వినిపించింది? ఆలోచిస్తే ఒకటే తేలింది. మా ఇద్దరి మధ్య ఒక బేరం ఉందని నేను అనుకున్నాను. నేను అన్నం పెడతాను, బదులుగా ఆయన కృతజ్ఞత చూపించాలి. ఆ బేరం సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాడు, మీకు తెలిసే ఉంటుంది. బదులు ఆశించి ఇచ్చేది రాజసం, తీసుకునేవాణ్ణి చులకన చేసి ఇచ్చేది తామసం. నేను ఒక్క గంటె చారుతో రాజసం నుంచి తామసానికి దిగిపోయాను.

ఆ అధ్యాయంలోనే పాత్రత మాట కూడా వస్తుంది, తగినవాడికి ఇవ్వాలని. మా వాళ్లలో కొందరు దీన్ని పట్టుకుంటారు. తాగి వచ్చినవాడికి పెట్టడం అపాత్రదానం అంటారు, ఇలా పెడితే సోమరులవుతారు అంటారు. సోమరుల సంగతి నేను రెండేళ్లుగా చూసింది చెప్తాను. మా వరసలో కూర్చునేవాళ్లలో పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడేవాళ్లున్నారు, హమాలీలున్నారు, అట్టముక్కలూ సీసాలూ ఏరేవాళ్లున్నారు. మనం వెళ్లే పెళ్లిళ్లలో క్యాటరింగ్ వాళ్ల తరఫున తెల్ల చొక్కా వేసుకుని మనకి వడ్డించి, రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకునే కుర్రాళ్లు కూడా ఉన్నారు. తాగి వచ్చేవాళ్లూ ఉన్నారు, లేరనను. కానీ భాగవతంలో రంతిదేవుడి కథ గుర్తు చేసుకోండి. 48 రోజుల పస్తు తర్వాత దొరికిన ఆహారం ముందు కూర్చుంటే, ఒకరి తర్వాత ఒకరు అతిథులు వచ్చారు. వాళ్లలో కుక్కల్ని వెంటబెట్టుకుని వచ్చినవాడూ ఉన్నాడు. రంతిదేవుడు అర్హత అడగలేదు, కుక్కలకీ పెట్టాడు. అన్నం విషయంలో ఆకలే అర్హత అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ చర్చ నాకు అక్కడితో అయిపోయింది.

అవ్వనిది ఇంకొకటి ఉంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు పూర్తయి వెళ్లిపోతున్న శిష్యుడికి గురువు కొన్ని జాగ్రత్తలు చెప్తాడు. ఇప్పటి కాన్వొకేషన్ లాంటిదన్నమాట. అందులో ఎలా ఇవ్వాలో కూడా చెప్తాడు. శ్రద్ధతో ఇవ్వమనడం అర్థమవుతుంది. కానీ సిగ్గుపడుతూ ఇవ్వమంటాడు, భయపడుతూ ఇవ్వమంటాడు. ఇది నాకు ఎప్పుడూ వింతగా ఉండేది. తీసుకునేవాడికి సిగ్గు ఉంటుంది, అది తెలుసు. ఇచ్చేవాడికి సిగ్గెందుకు? భయం దేనికి? మన ఛానెల్లో ఈ భాగం మీద మాట్లాడినప్పుడు కూడా "అంటే అహంకారం ఉండకూడదని అర్థం" అని చెప్పేసి ముందుకు వెళ్లిపోయాను. అది పూర్తి అర్థం కాదని తర్వాత తెలిసింది, అదీ నా తప్పు వల్లే.

పోయిన ఏడాది కార్తీక మాసంలో ఈ షెడ్డులో మన ఛానెల్ కోసం ఒక వీడియో తీశాం. మీలో కొందరు చూసే ఉంటారు. దీపాలు, గుండిగల్లో పొగలు, వరసగా విస్తళ్లు, మెల్లగా ఒక్కొక్క ముఖం మీదికి వెళ్లే కెమెరా, వెనక ఫ్లూట్. చాలా బాగా వచ్చింది. మన వీడియోల్లో అంతమంది చూసినవి తక్కువ. విరాళాలు కూడా వచ్చాయి. రెండు నెలలకు సరిపడా బియ్యం దానివల్లే వచ్చాయి.

అందులో ఒకాయన ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ చొక్కా టక్ చేసుకుని వచ్చేవాడు, తినేశాక తన చుట్టుపక్కల నాలుగు విస్తళ్లు తనే తీసి పారేసేవాడు. వీడియోలో ఆయన ముఖం ఐదారు సెకన్లు ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటూ కళ్లు మూసుకుంటాడు. ఎడిట్ చేసేటప్పుడు అందరం "ఈ షాట్ ఉండాల్సిందే" అనుకున్నాం.

మూడు వారాల తర్వాత వడ్డన అయ్యాక ఆయన నా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చుట్టూ చూసి, చిన్న గొంతుతో అన్నాడు. "సార్, ఆ వీడియో తీసేయొచ్చునా? మా బిడ్డ అత్తగారింట్ల చూసిండ్రు. నేను ఈడ వాచ్‌మన్ పని చేస్తున్న అని చెప్పి ఉన్న."

అప్పటికప్పుడే ఫోన్ తీసి వీడియో తీసేయించాను. ఆయనకి స్క్రీన్ చూపించాను కూడా, లేదు చూడండి అని. అప్పటికే ఆ ముక్క వాట్సాప్‌లో ఎక్కడెక్కడికి పోయిందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

లెక్క ఎటు తిప్పి వేసినా ఒకటే వస్తుంది. ఆదివారం రాత్రి ఆయనకి ఒక పూట అన్నం ఉండేది, మా అన్నదానం వీడియో వల్ల అది పోయింది. అన్నంతో పాటు కూతురి ముందు పరువు కూడా పోయింది. భయపడుతూ ఇవ్వమని గురువు దేనికి అన్నాడో నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది. ఇచ్చే చెయ్యి తగిలి అవతలివాడికి దెబ్బ తగలొచ్చు. ఆ దెబ్బ మనకి కనపడదు కూడా, ఎందుకంటే ఆ టైంలో మనం మన మంచితనాన్ని చూసుకుంటూ ఉంటాం.

ఇది మా వాళ్లందరితో మాట్లాడాను. ఇకమీదట ముఖాలు తీయొద్దు అన్నాను. మాతో పాటే మొదటి నుంచీ ఉన్న ఒక ఫ్రెండ్ ఒప్పుకోలేదు. అతని వాదన కొట్టిపారేసేది కాదు, అందుకే ఇక్కడ చెప్తున్నాను. "ఒక్కరికి ఇబ్బంది అయింది, నిజమే. కానీ ఆ వీడియో వల్ల వచ్చిన బియ్యంతో ఎంతమంది తిన్నారు? ముఖాలు లేకుండా గుండిగలూ, గంటెలూ చూపిస్తే ఎవరు డబ్బులు పంపుతారు? నీకు నీ మనసు శుభ్రంగా ఉండటం ముఖ్యమా, వాళ్ల కడుపు నిండటం ముఖ్యమా?" అన్నాడు.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. వారం రోజులు ఆలోచించాను. చివరికి నాకు తోచింది ఇది. నా డబ్బు, నా టైం, నా ఆదివారం ఇవ్వడానికి నాకు హక్కుంది. ఆయన ముఖం నాది కాదు. దాన్ని పెట్టుబడి పెట్టి మిగతా 179 మందికి బియ్యం తెస్తే, ఆ బియ్యం దాత నేను కాదు, విరాళం పంపినవాళ్లూ కాదు, ఆయనే. కానీ ఆయన్ని ఎవరూ అడగలేదు. అడిగినా మాత్రం, విస్తరి ముందు కూర్చున్న ఆకలి మనిషి "వద్దు" అనగలడా? చేతిలో అన్నం గంటె పట్టుకుని "ఫోటో తీసుకోవచ్చా?" అంటే అది అడగడం కాదు.

ముఖాలు తీయడం మానేశాం. ఫ్రెండ్ చెప్పినట్టే విరాళాలు తగ్గాయి. పుట్టినరోజుకి వచ్చి కేక్ కోసి, పిల్లాడి చేత వడ్డింపించి రీల్ తీసుకునే స్పాన్సర్లు ఇద్దరు మానుకున్నారు. కొన్ని వారాలు కూర లేకుండా అన్నం, పప్పుచారుతో సరిపెట్టాం. ఒక వారం చివరి ఇరవై మందికి అన్నం చాల్లేదు. ఆ ఇరవై మంది ముందు ఖాళీ గుండిగ పట్టుకుని నిలబడినప్పుడు నా వాదన నాకే పెద్ద గొప్పగా అనిపించలేదు. ఇది తేలిగ్గా తేలే విషయమని మీతో చెప్పను.

డొక్కా సీతమ్మ గారి పేరు మీరు వినే ఉంటారు. కోనసీమలో లంకల గన్నవరం. వేళ కాని వేళలో వచ్చినా అన్నం పెట్టిన తల్లి. 1909లో కాలం చేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ గురించి చెప్పుకునే కథ ఒకటుంది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకి పిలుపు వస్తే, నేను వెళ్తే వచ్చినవాళ్లకి అన్నం ఎవరు పెడతారని వెళ్లలేదట. కనీసం ఫోటో అయినా పంపాలని అధికారి వస్తే దానికీ ఒప్పుకోలేదట. ఫోటో లేకుండా వెళ్తే తన ఉద్యోగం పోతుందని ఆ అధికారి బతిమాలాకే కూర్చున్నారట. కథలో ఎంత నిజమో గానీ, మన జనం అన్నం పెట్టే మనిషిని ఎలా ఊహించుకున్నారో అందులో ఉంది. ఫోటో అంటే సిగ్గుపడింది పెట్టిన మనిషి. ఆవిడ చేతి అన్నం తిన్నవాళ్ల ముఖాలు మనకి తెలియవు.

ఇంకో మాట. మా దగ్గరికి వచ్చే ఒక హమాలీ మధ్యాహ్నాలు మాత్రం 5 రూపాయల భోజనానికి వెళ్తాడు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన కౌంటర్లు, మీకు తెలుసు కదా. దగ్గర్లో ఇంకో చోట ఊరికే పెడతారు కదా, అక్కడికెందుకు వెళ్లవు అన్నాను. "ఈడ ఐదు రూపాయలు కడత సార్. ఎవ్వనికి దండం పెట్టే పని లేదు" అన్నాడు. ఆ ఐదు రూపాయలు ఆ భోజనం ఖరీదు కాదు. మరి దేని ఖరీదో ఆయన చెప్పనే చెప్పాడు.

తిరుమలలో అన్నప్రసాదం తిననివాళ్లు మనలో తక్కువ. 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. అక్కడ ఊరికే తింటున్నామని ఎవరైనా సిగ్గుపడతారా? కారులో వచ్చినవాడు, నడిచి కొండెక్కినవాడు ఒకే వరసలో కూర్చుంటారు. అదే అన్నం, అదే సాంబారు. మా షెడ్డులో కూడా స్వామికి నైవేద్యం పెట్టిన అన్నమే. మరి అక్కడ ప్రసాదం, ఇక్కడ ధర్మం ఎందుకైంది? వరసలో ఎవరు కూర్చున్నారు అన్నదొక్కటే తేడా. మేం ఎప్పుడూ ఆ వరసలో కూర్చోలేదు. అందరూ వెళ్లాక లోపల స్టూళ్ల మీద తినేవాళ్లం, లేదా బయట టిఫిన్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం.

ఈ మాట ఎత్తింది కూడా పెద్దమ్మే. "మీరూ అక్కడే కూర్చుని తినండి, ఉప్పూ పులుపూ మీకే తెలుస్తుంది" అంది. ఆవిడ వంట సంగతే చెప్పింది, వేదాంతం ఏమీ కాదు. అప్పటి నుంచి వంతులవారీగా ముగ్గురు వడ్డన ఆపి వరసలో కూర్చుంటున్నాం.

నా వంతు మొదటిసారి వచ్చిన రోజు చెప్తాను. షెడ్డు నిండిపోయి చివరి వరస గేటు బయట, రోడ్డు పక్కన వేశారు. నేను అక్కడ కూర్చున్నాను. మాసిన టీషర్టు, చెమట. అటూ ఇటూ ఎవరో తెలియనివాళ్లు. అన్నం వడ్డించారు, సాంబారు కోసం చూస్తున్నాను. అప్పుడు ఒక కారు స్లో అయింది. అద్దం దిగింది. ఎవరో ఫోన్ మా వైపు పట్టుకున్నారు. మంచివాళ్లే అయి ఉంటారు. నాలాంటివాళ్లే. ఇలాంటి సేవ జరుగుతోంది అని స్టేటస్ పెట్టుకోవడానికి తీసి ఉంటారు.

నేను తల దించేశాను. ఆలోచించి చేసింది కాదు, మెడ దానంతటదే వంగిపోయింది. మా ఆఫీసువాళ్లు చూస్తే, మా మావయ్య వాళ్లు చూస్తే, నేను వడ్డించేవాణ్ణి, తినడానికి వచ్చినవాణ్ణి కాదు అని వాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇదీ అప్పుడు నా బుర్రలో తిరిగింది. పక్కన కూర్చున్నాయన కూడా తల పక్కకి తిప్పి, కండువా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలా అలవాటైన కదలిక. కారు పోయాక కొంగు తీసి, ఏమీ జరగనట్టు అన్నం కలుపుకున్నాడు.

నేను ఇంటికెళ్లాక అసలు విషయం చెప్పుకుని నవ్వుకోగలను. ఆయన చెప్పుకోవడానికి వేరే అసలు విషయం ఏమీ లేదు.

అన్నం దగ్గరే ఆగిపోతున్నాం అని కూడా ఈ మధ్య అనిపిస్తోంది. అదే ఉపనిషత్తు భృగువల్లిలో అన్నం మాటతో పాటు, ఉండడానికి చోటడిగి వచ్చినవాణ్ణి కాదనకూడదనే వ్రతం కూడా ఉంది. మనం ఒక సగమే పాటిస్తున్నాం. నగరాల్లో లక్ష జనాభాకి కనీసం ఒక నైట్ షెల్టర్ ఉండాలని, ఏడాది పొడవునా తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మా వరసలోవాళ్లు తిని, చేతులు కడుక్కుని మళ్లీ అదే మెట్ల మీదికి వెళ్తారు. దీనికి మా ఎనిమిది మంది దగ్గర ఏముందో ఇంకా తెలియదు. స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న షెల్టర్లు ఏవో, వాటిలో చోటుందో లేదో కనుక్కుని వడ్డన అప్పుడు చెప్పడం మాత్రం మొదలుపెట్టాం.

ఇప్పుడు షెడ్డులో గోడకి ఒక నోట్‌బుక్ వేలాడుతోంది. తిన్నవాళ్లు ఏమన్నారో అందులో రాస్తాం. పోయిన ఆదివారం పేజీలో మూడున్నాయి: అన్నం కాస్త బిరుసు, వంకాయ కూర బాగుంది, మజ్జిగ మరీ నీళ్లు. ఉప్పు ముసలాయన ఇప్పటికీ వస్తాడు. మొదటి గంటె చారు ఆయనకే పోస్తాను. ఒక్కోసారి తల ఊపుతాడు, ఒక్కోసారి ఊపడు.

టక్ చేసుకుని వచ్చే ఆయన కోసం పెద్దమ్మ ఒక విస్తరికి సరిపడా తీసి మూత పెట్టి ఉంచుతుంది. తొమ్మిదిన్నర దాకా చూస్తాం. తర్వాత గేటు వేసేటప్పుడు రోడ్డు మీద ఎవరు కనిపిస్తే వాళ్లకి ఇచ్చేస్తాం.